దుఃఖంలో ఉన్న మనిషికి కొండదారి ఏమిస్తుంది?

దగ్గరి మనిషి పోయిన మొదటి రోజుల్లో ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు. ఫోన్లు వస్తుంటాయి, చెయ్యాల్సిన పనులుంటాయి, సంతకాలు పెట్టాల్సిన కాగితాలుంటాయి. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. వచ్చినవాళ్ళు ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు, ఫోన్లు తగ్గిపోతాయి, చివరికి మిగిలేది ఆ మనిషి కూర్చున్న కుర్చీ, తలుపు వెనక తగిలించిన చొక్కా, ఎవరూ తియ్యడానికి చెయ్యి రాని కళ్ళజోడు. ఇలాంటి రోజుల్లో చాలామంది, ఎవరూ చెప్పకుండానే, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోతారు. మొదట వీధి చివరిదాకా, తర్వాత చెట్లున్న చోటుదాకా, కొన్నాళ్ళకు ఏదో ఒక కొండమీదికి. ఎందుకు వెళ్తున్నారని అడిగితే సరిగ్గా చెప్పలేరు. "అక్కడ కాస్త ఊపిరాడుతుంది" అంటారు, అంతే.

ఆ ఒక్క మాటలో చాలా విషయం ఉంది. అయితే ముందుగా ఒకటి తేల్చుకోవాలి. ప్రకృతి దుఃఖానికి మందు అని, నాలుగు రోజులు అడవిలో గడిపితే మనసు కడిగేసినట్టు అయిపోతుందని చాలా సులువుగా చెప్పేస్తుంటారు. అది నమ్మి వెళ్ళినవాళ్ళు ఇంకాస్త దిగాలుగా తిరిగొస్తారు, ఎందుకంటే కొండపైన నిలబడినా పోయిన మనిషి తిరిగిరారు, బాధ అంతే ఉంటుంది. కొండదారి చేసే మేలు వేరు. అది ఆ బాధను అలాగే ఉండనిస్తుంది, దాన్ని దాచిపెట్టమని అడగదు, దానితోపాటు ఒక చిన్న పని కూడా ఇస్తుంది: తర్వాతి అడుగు ఎక్కడ వెయ్యాలో చూసుకోవడం. ఈ రెండూ ఒకేచోట దొరకడం దుఃఖంలో ఉన్నవాళ్ళకు ఎంత అరుదో, ఎంత అవసరమో అర్థం కావాలంటే దుఃఖం ఎలా నడుస్తుందో కొంచెం తెలియాలి.

దుఃఖం అనగానే చాలామందికి గుర్తొచ్చేది అయిదు దశల లెక్క. నమ్మలేకపోవడం, కోపం, బేరమాడడం, కుంగిపోవడం, చివరికి ఒప్పుకోవడం. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో చెప్పిన ఈ దశలు అసలు చావుకు దగ్గరపడిన రోగుల గురించి. వాళ్ళ వెనక మిగిలినవాళ్ళ దుఃఖానికి కూడా ఇదే కొలత అన్నది తర్వాత వ్యాపించింది. దీనివల్ల ఎంతోమంది అనవసరంగా టెన్షన్ పడ్డారు, ఇన్ని నెలలైనా ఇంకా కోపంలోనే ఉన్నానే, నాలో ఏమైనా తేడా ఉందా అని. మెట్లెక్కినట్టు ఒక్కో దశా దాటుకుంటూ పోయేది కాదు దుఃఖం.

ఇంతకన్నా నిజానికి దగ్గరగా ఉన్న మాట 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పారు. వాళ్ళ లెక్కలో దుఃఖంలో ఉన్న మనిషికి రెండు రకాల పనులుంటాయి. పోయిన మనిషిని తలుచుకోవడం, ఏడవడం, ఫొటోలు తీసి చూసుకోవడం, లేరన్న సంగతిని మళ్ళీ మళ్ళీ తాకి చూడడం ఒకటి. బిల్లులు కట్టడం, ఇంతకుముందు ఆ మనిషి చూసుకున్న పనులు నేర్చుకోవడం, కాసేపు వేరే ధ్యాసలో పడడం రెండోది. మనిషి ఈ రెండింటి మధ్య అటూ ఇటూ ఊగుతుంటాడు, ఒక్కోసారి ఒక పూటలోనే చాలాసార్లు. ఆ ఊగడం చంచలత్వమేమీ కాదు, కోలుకోవడం జరిగేదే అలా. ఎప్పుడూ ఏడుస్తూనే ఉన్నా, ఎప్పుడూ పనుల్లోనే మునిగిపోయినా మనిషి చిక్కుల్లో పడతాడు.

ఇప్పుడు ఒక కొండదారి మీద జరిగేది చూడండి. రాళ్ళు నిండిన ఎక్కుడు వస్తుంది. కళ్ళు కిందికి వాలతాయి, ఏ రాయి కదులుతుంది, ఏ వేరు కాలికి అడ్డం పడుతుంది, ఈ తడిమట్టి మీద కాలు జారుతుందా అని, ఆ పది నిమిషాలు తలలో ఇంకేమీ ఉండదు, ఉండడానికి వీలుండదు. ఎక్కుడు అయిపోతుంది, దారి చదునవుతుంది, అడుగులు వాటంతట అవే పడుతుంటాయి, అప్పుడు మెల్లగా ఆసుపత్రి గది వస్తుంది, చివరి మాట వస్తుంది, అనకుండా ఉండాల్సిన మాట కూడా వస్తుంది. కళ్ళనీళ్ళు కారుతుంటాయి, నడక ఆగదు. తర్వాత ఒక వాగు అడ్డం వస్తుంది, ఎక్కడ దాటాలో వెతుక్కోవాలి. మళ్ళీ ధ్యాస కాళ్ళ దగ్గరికి. స్ట్రోబ్, షుట్ చెప్పిన ఊగడాన్ని ఇక్కడ మనిషి బలవంతంగా చెయ్యక్కర్లేదు, దారే ఆ పని చేయిస్తుంది. ఇంట్లో కూర్చుని "ఇప్పుడు కాసేపు ఏడుస్తాను, తర్వాత కాసేపు మరచిపోతాను" అనుకుంటే కుదరదు కదా. పైగా ఏడుపు వచ్చినప్పుడు ఒంట్లో ఏదో ఒకటి కదులుతూ ఉండడం, ఊపిరి లోతుగా పీల్చుకోక తప్పకపోవడం, ఏడుపును గొంతులో గడ్డకట్టనివ్వదు. దారిలో ఏడిచినవాళ్ళు చాలామంది చెప్పే మాట, ఏడిచాక తలనొప్పి రాలేదని.

ఇంకోటి, అలసట. దుఃఖంలో ఉన్నవాళ్ళు ఎందుకింత అలసిపోతారో బయటివాళ్ళకు అర్థం కాదు, రోజంతా ఇంట్లోనే ఉన్నారుగా అంటారు. కానీ ముఖం మామూలుగా ఉంచుకోవడం కూడా పనే. ఎవరైనా మాట్లాడుతుంటే వింటున్నట్టు ఉండడం, ఫారంలో "మృతుడితో సంబంధం" అన్న గడి నింపడం, పిల్లల ముందు గొంతు వణక్కుండా చూసుకోవడం, ఇవన్నీ మనిషి దగ్గరున్న శ్రద్ధను కొంచెం కొంచెంగా ఖర్చు చేసేస్తాయి. రేచెల్ కప్లన్, స్టీఫెన్ కప్లన్ అనే దంపతులు ఈ శ్రద్ధ గురించే ఏళ్ళ తరబడి పనిచేసి, 1989లో తమ సిద్ధాంతాన్ని వివరంగా రాశారు. మనం కావాలని బిగబట్టి పెట్టే ధ్యాస వాడేకొద్దీ అరిగిపోతుంది, దానికి విశ్రాంతి కావాలి, ఆ విశ్రాంతి నిద్రలోనే కాదు, మనసును మెత్తగా పట్టి ఉంచే చోట్లలో కూడా దొరుకుతుంది అన్నది వాళ్ళ మాట. ఆకులు కదలడం, నీళ్ళు పారడం, మబ్బులు జరగడం చూడ్డానికి శ్రమపడక్కర్లేదు, చూడకపోయినా ఏమీ కాదు. టీవీ, ఫోన్ కూడా ధ్యాస లాక్కుంటాయి, కానీ వాటి పట్టు వేరు, అవి వదలవు. ఆకులు వదులుతాయి. మధ్యలో సొంత ఆలోచనకు చోటు మిగులుతుంది.

ఆ సొంత ఆలోచన ఎక్కడికి పోతుందన్నది కూడా ముఖ్యమే. పోయిన మనిషి గురించి తలుచుకోవడం వేరు, "ఆ రోజు ఇంకో గంట ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి ఉంటే" అని గానుగెద్దులా ఒకేచోట తిరగడం వేరు. 2015లో గ్రెగరీ బ్రాట్‌మన్ బృందం అమెరికాలో ఒక ప్రయోగం చేసింది. కొంతమందిని గంటన్నరసేపు చెట్లూ గడ్డీ ఉన్న చోట నడిపించారు, ఇంకొంతమందిని వాహనాల రద్దీ ఉన్న రోడ్డు పక్కన. చెట్ల మధ్య నడిచినవాళ్ళలో ఇలా తిరిగిన చోటే తిరిగే ఆలోచనలు తగ్గాయి, దానికి సంబంధించిన మెదడు భాగంలో చురుకుదనం కూడా తగ్గింది. రోడ్డు పక్కన నడిచినవాళ్ళలో ఆ మార్పు లేదు. ఇక్కడ జాగ్రత్తగా చదవాలి: అందులో పాల్గొన్నది 38 మంది, వాళ్ళు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు, దుఃఖంలో ఉన్నవాళ్ళని ఎంచుకోలేదు. కాబట్టి గంటన్నర నడిస్తే "అలా చేసి ఉంటే" అన్న ఆలోచన పోతుందని ఎవరికీ హామీ ఇవ్వలేం. కాకపోతే నడిచేవాళ్ళు తమంతట తాము గమనించిన సంగతికి ఇది దగ్గరగా ఉంది. ఆ ఆలోచన మళ్ళీ వస్తుంది, కానీ ప్రతి చుట్టుకూ కొంచెం నెమ్మదిస్తుంది.

శరీరం సంగతి వేరుగా చెప్పుకోవాలి, ఎందుకంటే దుఃఖం అంటే మనసుకు సంబంధించిందే అనుకుని ఒంటిని మరచిపోయేవాళ్ళే ఎక్కువ. నిద్ర చెదిరిపోతుంది, ఆకలి తెలియదు, కాళ్ళలో సీసం పోసినట్టుంటుంది. పొద్దున్నే ఆరుబయట వెలుగులో కాసేపు ఉండడం లోపలి గడియారాన్ని సర్దుతుంది, రాత్రి నిద్రకు సాయం చేస్తుంది, ఇంట్లో లైట్లు ఎన్ని వేసినా ఆ వెలుగు రాదు. అంతవరకు మంచిదే. కానీ గుండె మీద దుఃఖం పెట్టే భారం మాటవరసకు అనేది కాదు. అమెరికాలో గుండెపోటు వచ్చిన రోగుల మీద చేసి 2012లో ప్రచురించిన ఒక పరిశోధనలో, దగ్గరివాళ్ళు పోయిన మొదటి 24 గంటల్లో గుండెపోటు ముప్పు మామూలుకన్నా 21 రెట్లు పెరిగినట్టు తేలింది, తర్వాతి రోజుల్లో అది తగ్గుతూ వస్తుంది. కాబట్టి తొలి రోజుల్లోనే, తిండీ నిద్రా లేకుండా, కసిగా ఒక నిటారు కొండ ఎక్కేద్దామనుకోవడం మంచిది కాదు. వయసు మళ్ళినవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు అసలు ఆ ఆలోచనే పెట్టుకోకూడదు. మొదటి వారాలకు చదును దారి చాలు, ఇరవై నిమిషాలు చాలు.

ఎంత దూరం, ఎంతసేపు అన్న లెక్క కూడా మార్చుకోవాలి. కొండలెక్కేవాళ్ళు వాడే పాత లెక్క ఒకటుంది, స్కాట్లండ్‌కు చెందిన విలియం నెయిస్మిత్ 1892లో చెప్పింది: గంటకు సుమారు 5 కిలోమీటర్లు, పైకెక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట కలుపుకోవాలి. అది చురుగ్గా, ధ్యాసగా నడిచే మనిషి లెక్క. దుఃఖంలో ఉన్నవాళ్ళు దానికి సగం అదనంగా వేసుకోవాలి, అవసరమైతే రెట్టింపు. మధ్యలో కూర్చుండిపోతారు, మలుపు దగ్గర గుర్తు చూడకుండా ముందుకెళ్ళిపోతారు, దాహం వేసినట్టు తెలియక నీళ్ళు తాగరు. తెలిసిన దారి, ముందే రాసిపెట్టుకున్న సామాను, గంటకోసారి నీళ్ళు తాగమని ఫోన్లో అలారం, ఏ దారిలో వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పడం, ఇవి చిన్న విషయాలే. మామూలప్పుడు అవసరం లేదనిపించేవి ఇప్పుడు చాలా అవసరం. మధ్యలో వెనక్కి తిరిగి వచ్చేస్తే అది ఓటమి ఏమీ కాదు. శిఖరం దాకా వెళ్ళాలన్న పట్టుదల దుఃఖంలో ఒక్కోసారి వేరే రూపం తీసుకుంటుంది, పైకి చేరితే ఏదో జరుగుతుందని, ఏదో ఒకటి దొరుకుతుందని. పైకి చేరాక గాలి, రాళ్ళు, మేఘాలు తప్ప ఏమీ ఉండవు. ఆ క్షణంలో వచ్చే వెలితి చాలా పెద్దది, దానికి సిద్ధపడి వెళ్ళాలి.

అందం కూడా గుచ్చుతుంది. ఈ మాట ఎవరూ ముందుగా చెప్పరు. ఒక మలుపు తిరగగానే లోయంతా కనిపిస్తుంది, నోట్లోంచి "ఇది చూశావా" అన్న మాట బయటికి రాబోతుంది, పక్కన ఎవరూ ఉండరు. ఏళ్ళ తరబడి ఏది చూసినా ఆ మనిషికి చెప్పడం మెదడుకు అలవాటు, ఆ అలవాటు మరణ వార్త విన్నంత మాత్రాన పోదు. దుఃఖంలో మెదడు ఎలా పనిచేస్తుందో పరిశోధించే మేరీ-ఫ్రాన్సెస్ ఓకానర్ దుఃఖించడాన్ని ఒక రకమైన నేర్చుకోవడంగా వివరిస్తారు. ఆ మనిషి ఎప్పుడూ ఉంటారని మెదడు వేసుకున్న అంచనా ఒక్కోచోట తప్పుతూ, మళ్ళీ మళ్ళీ తప్పుతూ, మెల్లగా కొత్త సంగతి లోపలికి దిగుతుంది. లోయ ముందు నిలబడి నోరు మూసుకోవాల్సి రావడం అలాంటి ఒక చోటు. నొప్పి పుడుతుంది, కానీ ఆ నొప్పి వచ్చిందంటే నడక వృథా అయిందని కాదు. వసంతంలో అన్నీ చిగురిస్తుంటే కోపం రావడం కూడా చాలామందికి జరిగేదే. ఎవరు పోయినా చెట్లకు పట్టదు. కొందరికి ఆ పట్టకపోవడమే ఊరట, కొందరికి అది భరించలేని సంగతి, అదే మనిషికి ఈ నెల ఒకలాగా, వచ్చే నెల ఇంకోలాగా అనిపించవచ్చు.

అందుకే, తోడు వెళ్ళేవాళ్ళు అడవిని చూపించి నీతులు చెప్పకపోతే మేలు. పడిపోయిన చెట్టు దుంగ మీద కొత్త మొలకలు లేస్తాయి, నిజమే, పాత అడవుల్లో అది కళ్ళారా చూడొచ్చు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి దాన్ని చూపించి "చూడండి, చావులోంచే పుట్టుక" అనడం మాత్రం క్రూరం. ఆమె తనంతట తాను ఆ దుంగ దగ్గర ఆగితే పక్కన ఆగాలి, అంతే. తోడు వెళ్ళడంలో ఉన్న గొప్ప సౌకర్యం పక్కపక్కన నడవడమే. ఎదురెదురుగా కూర్చుంటే కళ్ళలోకి చూడాలి, మాట ఆగితే ఇబ్బంది, కన్నీళ్ళు వస్తే ఇద్దరూ కంగారుపడతారు. నడుస్తున్నప్పుడు ఇద్దరి చూపూ దారి మీదే ఉంటుంది. అరగంట మౌనం కూడా మౌనంలా అనిపించదు. ఇంట్లో నెలల తరబడి నోరు విప్పని మగవాళ్ళు దారిలో మూడో కిలోమీటరు దగ్గర ఉన్నట్టుండి మాట్లాడడం మొదలుపెట్టడం అరుదేమీ కాదు. తోడున్నవాళ్ళు చెయ్యాల్సింది నీళ్ళు మొయ్యడం, నెమ్మదిగా నడవడం, పోయిన మనిషి పేరు ఎత్తడానికి భయపడకపోవడం.

అందరికీ కొండ పనికిరాదు. నీళ్ళలో మునిగి పోయినవాళ్ళ ఇంటివాళ్ళకు నది ఊరట కాదు, కొండమీద ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళకు ఎత్తు చూస్తేనే ఒళ్ళు వణకవచ్చు, వాళ్ళను "వెళ్తే భయం పోతుంది" అని తోసుకెళ్ళకూడదు. నడవలేనివాళ్ళూ ఉంటారు, చంటిపిల్లల్ని వదిలి కదల్లేనివాళ్ళూ ఉంటారు. వాళ్ళకు కొంచెం ఆకాశం, ఒక చెట్టు సరిపోతాయా? చాలానే పనిచేస్తుందనడానికి పాత ఆధారం ఒకటుంది. 1984లో రోజర్ ఉల్రిచ్ ప్రచురించిన పరిశోధనలో, పిత్తాశయం ఆపరేషన్ అయిన రోగుల్లో కిటికీలోంచి చెట్లు కనిపించే గదిలో ఉన్నవాళ్ళు, ఇటుక గోడ కనిపించే గదిలో ఉన్నవాళ్ళకన్నా త్వరగా ఇంటికెళ్ళారు, బలమైన నొప్పి మందులు కూడా తక్కువ వాడారు. అది ఆపరేషన్ నొప్పి, దుఃఖం కాదు. కానీ కుర్చీని కిటికీ వైపు తిప్పుకోవడానికి ఖర్చేమీ లేదు.

నడక పారిపోవడంగా మారడం కూడా ఉంది. ప్రతి సెలవుకూ కొండలే, ఇంట్లో ఆ గది తలుపు మాత్రం తెరవరు, ఎవరి ఫోనూ ఎత్తరు, ఇంకా ఎత్తు, ఇంకా ప్రమాదం ఉన్న దారి కావాలనిపిస్తుంది. అప్పుడు ఊగడం ఆగిపోయి ఒకవైపే ఉండిపోయినట్టు. పెద్దవాళ్ళలో ఏడాది దాటినా దుఃఖం మొదటి రోజుల్లాగే రోజువారీ బతుకును ఆపేస్తుంటే దానికి వైద్యంలో ఇప్పుడు ప్రత్యేకమైన పేరే ఉంది, దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో దాన్ని తమ జాబితాలో చేర్చింది. దానికి పనిచేసే చికిత్సలున్నాయి, కొండలు వాటికి బదులు కావు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తున్నవాళ్ళు ఒంటరిగా ఎత్తైన చోట్లకు వెళ్ళకూడదు. ఆ మాట ముందు దగ్గరివాళ్ళలో ఒకరికి, తర్వాత డాక్టర్‌కు, ఆలస్యం చెయ్యకుండా చెప్పాలి.

తిరిగి రావడం గురించి కూడా ఆలోచించుకుని బయల్దేరాలి. పగలంతా బాగానే గడిచి, సాయంత్రం తాళం తీసి చీకటి ఇంట్లోకి అడుగుపెట్టిన క్షణం, "ఎలా జరిగింది" అని అడిగే గొంతు లేని క్షణం, ఎక్కిన ఎత్తుకన్నా బరువుగా ఉంటుంది. ఆ గంటకు ఎవరినైనా రమ్మనడమో, ఒక లైటు వేసి ఉంచి వెళ్ళడమో, తినడానికి ఏదైనా సిద్ధంగా పెట్టుకోవడమో చాలామందికి పనిచేసింది.

కొందరు ఏటా అదే రోజున అదే దారికి వెళ్తారు, పోయిన మనిషి టోపీ పెట్టుకునో, వాళ్ళ సంచీ భుజాన వేసుకునో. బంధం తెంచుకుంటేనే కోలుకున్నట్టు అన్న పాత అభిప్రాయాన్ని పరిశోధకులు 1990ల నుంచే పక్కన పెడుతూ వచ్చారు, పోయినవాళ్ళతో బంధం రూపం మార్చుకుని కొనసాగడం మామూలే అని చెప్తున్నారు. ఎర్ల్ షాఫర్ అనే అమెరికన్ తన చిన్ననాటి స్నేహితుడితో కలిసి అపలాచియన్ ట్రైల్ అనే, ఇప్పుడు సుమారు 3,500 కిలోమీటర్లున్న కొండదారి మొత్తం నడవాలనుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఇవో జిమా దీవిలో ఆ స్నేహితుడు చనిపోయాడు. 1948లో షాఫర్ ఒక్కడే బయల్దేరి 124 రోజుల్లో ఆ దారి పూర్తి చేశాడు, ఒకే ప్రయాణంలో దాన్ని మొత్తం నడిచినట్టు నమోదైన మొదటి మనిషి అతనే. 1965లో అదే దారిని ఎదురు దిశలో నడిచాడు. 1998లో, మొదటి నడకకు సరిగ్గా యాభై ఏళ్ళకు, 79 ఏళ్ళ వయసులో మళ్ళీ బయల్దేరి, మొదటిసారి నడిచిన దిశలోనే దాన్ని ఇంకోసారి పూర్తి చేశాడు.